పై వాటా పట్టారాణి

జూన్ 3, సోమవారం

ఇది మా అమ్మాయి డైరీ. జనవరిలో ఒక్క పేజీ రాసి మూలన పడేసింది. ఆ పేజీ చింపి దానికిచ్చేశాను. మిగతాది నాది. ఎవరికీ చెప్పుకోలేని మాటలు కడుపులో దాచుకుంటే పులిసిపోతాయి.

ఇవాళ మా శిశు, కుటుంబ సంక్షేమ కార్యాలయం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కేస్ వర్కర్ పోస్టు మంజూరైంది. పర్మనెంటు. దీని కోసం ఎన్నేళ్ళ నుంచి కాచుకుని ఉన్నాను! "పోస్టు రానీ, అది నీది కాక ఇంకెవరిది?" అని మేడమ్ ఎన్నిసార్లు అనలేదు? ఇళ్ళకి వెళ్ళేది నేను. తాగొచ్చి తన్నే తండ్రులతో నోరు పారేసుకునేది నేను. హోమ్‌లో పిల్లల తలల్లో పేలు చూసేది కూడా నేనే. కాగితాల మీద మాత్రం నేను "సహాయకురాలు".

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. సోషల్ వర్క్‌లో గాని, సైకాలజీలో గాని, శిశు వికాసంలో గాని డిగ్రీ ఉండాలి. పీజీ ఉంటే ప్రాధాన్యం. అర్హులైనవారి పర్యవేక్షణలో చేసిన ఫీల్డ్ వర్క్ తప్పనిసరి.

నాది బీకాం.

వెనక నుంచి ప్యూను, "అమ్మా, స్వీట్లు ఎప్పుడు?" అన్నాడు. త్వరలో అన్నాను.

జూన్ 4, మంగళవారం

మేడమ్ గదికి వెళ్ళాను.

"అనుభవం చూడరా మేడమ్?"

"చూస్తారమ్మా. డిగ్రీతో పాటు ఉంటే మార్కులేస్తారు. డిగ్రీకి బదులుగా అంటే కుదరదు. పైనుంచి వచ్చిన రూలు."

"నేను చేస్తున్న పనే కదా ఇది?"

"చేస్తున్నావు. బాగా చేస్తున్నావు. నేను కాదన్నానా? కానీ బీకాంతో నేనేం చెయ్యను చెప్పు?"

బీకాం అన్న మాట ఆవిడ నోట్లో ఏదో రోగం పేరులా పలికింది. అంటుకుంటుందేమో అన్నట్టు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు కూడా. జరుపుకోలేదేమో. నాకలా అనిపించింది.

జూన్ 7, శుక్రవారం

మా మరిది పెళ్ళి చేసుకుని పై వాటాలో కాపురం పెట్టి ఇంకా ఏడాది కాలేదు. నా తోడికోడలు సోషల్ వర్క్‌లో పీజీ. ఇన్నాళ్ళూ ఆ చదువు నాకు వాళ్ళ గోడ మీద ఫొటో. నల్ల టోపీ, నల్ల గౌను, చేతిలో చుట్టిన కాగితం. పైకి వెళ్ళినప్పుడల్లా దుమ్ము తుడిచింది కూడా నేనే.

సాయంత్రం ఆరిన బట్టలు తీసుకుని మెట్లు దిగుతుంటే ఎదురొచ్చింది.

"అక్కా, మీ ఆఫీసులో పోస్టు పడిందట కదా. నేను అప్లై చెయ్యనా? మీరు వద్దంటే మానేస్తాను."

"నాకెందుకమ్మా అభ్యంతరం? నాకెలాగూ రాదు. చెయ్యి, నిక్షేపంగా చెయ్యి."

నాకు నిజంగానే అభ్యంతరం లేదు.

జూన్ 8

నిజంగా లేదు.

జూన్ 24, సోమవారం

రేపు ఇంటర్వ్యూ. మేడమ్ ఎలాంటివారో చెప్పమని కిందికి వచ్చింది. టీ పెట్టి ఇచ్చి కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. బాగా మాట్లాడేవాళ్ళంటే ఆవిడకి ఇష్టమనీ, ఒకటి అడిగితే పది చెప్పమనీ చెప్పాను.

మేడమ్‌కి వాగుడుకాయలంటే ఒళ్ళు మంట. ఈ సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

జూన్ 28, శుక్రవారం

వచ్చింది. తనకే వచ్చింది.

"మరి బాగా మాట్లాడావా?" అని అడిగాను.

"లేదక్కా. మీరు అన్నీ చెప్పి పంపినా, తీరా లోపలికెళ్ళేసరికి భయమేసింది. అడిగినదానికి మాత్రమే చెప్పి వచ్చేశాను."

అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడని ఊరికే అన్నారా?

జూలై 1, సోమవారం

ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం. కిటికీ సీటు నాకిచ్చింది. ఆఫీసులో కిటికీ పక్క బల్ల మాత్రం తనకిచ్చారు. ప్యూను నీళ్ళ సీసా కూడా పెట్టాడు. నా బల్ల మీద ఇన్నేళ్ళలో ఎవరైనా ఒక గ్లాసు పెట్టారా?

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. నేను మనసులో పేరు పెట్టుకున్నాను, పట్టారాణి అని. పట్టపురాణి కాదు, పట్టా ఉన్న రాణి. ఈ మాట తట్టినందుకు మధ్యాహ్నమంతా నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంటికొస్తే మా అమ్మాయి, "పిన్ని ఎంత గ్రేటో కదమ్మా! నేను కూడా పిన్నిలా సోషల్ వర్క్ చదువుతా" అంటోంది. మీ అమ్మ చేసే పని కూడా అదేనే అన్నాను. "నువ్వు హెల్పర్‌వి కదమ్మా" అంది. తప్పుగా ఏమీ అనలేదు. కాగితం మీద ఉన్నదే అంది. అన్నం సగంలో వదిలి లేచాను. ఆకలి లేదు మరి.

ఆయనతో చెప్తే, "ఇద్దరూ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, బస్సు చార్జీలకి పాసు తీసుకోండి, కలిసొస్తుంది" అన్నారు. అందుకే ఈయనతో ఏదీ చెప్పను.

జూలై 8, సోమవారం

కేసులన్నీ అప్పజెప్పాను. పిచ్చుక కేసు కూడా.

పిచ్చుక అన్న పేరు నేనే పెట్టాను. ఎనిమిదేళ్ళ పిల్ల, నడవదు, గెంతుతుంది. తల్లి పోయింది. తండ్రి బేకరీలో రాత్రంతా పిండి కలిపి రొట్టెలు కాలుస్తాడు. పిల్లని గదిలో పెట్టి బయట తాళం వేసి వెళ్ళేవాడు. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే వెళ్ళి తాళం పగలగొట్టించి పిల్లని ఎత్తుకొచ్చింది నేను. ఆ రోజు నా మెడ చుట్టూ వేసిన చేతులు హోమ్ గుమ్మం దాకా వదల్లేదు. అప్పటి నుంచి అది నా పిల్లే అనుకున్నాను. ఇప్పుడు ఫైలు మీద పట్టారాణి సంతకం.

ఇవాళ ఇద్దరం బేకరీ అతని ఇంటికి వెళ్ళాం. పట్టపగలు, నిద్ర లేచి తలుపు తీశాడు. కనుబొమల్లో ఇంకా పిండి. ఒక్క గది. పిల్ల మంచం మీద దుప్పటి మడత నలగలేదు. గుమ్మం పక్కన పిల్ల బూట్లు పాలిష్ చేసి పెట్టి ఉన్నాయి.

నేను ఎప్పటిలాగే మొదలుపెట్టాను. "ఏమయ్యా, షిఫ్టు సంగతి ఏం చేశావు? ఇలా అయితే పిల్లని ఎలా..." అంటుండగా నా మణికట్టు మీద వేలు పడింది. పట్టారాణిది. ఊరికే ముట్టుకుంది. తర్వాత మాట్లాడుతుందేమో అని చూశాను. మాట్లాడదే! అతనూ మాట్లాడడు. ఎంతసేపటికో అతనే నోరు విప్పాడు.

"తాళం ఎందుకేశానంటే, ఎవడైనా లోపలికొస్తాడేమోనని. లోపల నిప్పంటుకుంటే పిల్ల ఎలా బయటికొస్తుందో అప్పుడు తట్టలేదమ్మా. ఇప్పుడు రోజూ పొయ్యి ముందు నిలబడితే అదే తడుతోంది."

ఇక ఆగలేదు. పగటి షిఫ్టు అడగడానికి యజమాని దగ్గర నోరు రాలేదనీ, అక్క ఒకావిడ ఉందనీ, వచ్చి ఉంటానంటే తనే మొహమాటపడ్డాననీ, అన్నీ చెప్పాడు.

ఈ మాటలు నాకెందుకు చెప్పలేదు? నేను అడగలేదా? అడిగాను. "తాళం ఎందుకేశావయ్యా, మనిషివేనా?" అని వెళ్ళిన ప్రతిసారీ అడిగాను.

బస్సులో, "మీరు ఆ రోజు పాపని తీసుకురాకపోతే ఏమయ్యేదో అక్కా" అంది. ఓడినవాళ్ళ భుజం తట్టినట్టు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

జూలై 16, మంగళవారం

హోమ్‌కి వెళ్ళాం. పిచ్చుక గెంతుకుంటూ వచ్చింది. నా వైపే అనుకుని చేతులు చాచాను. "కొత్త ఆంటీ, నువ్వు అడిగావుగా, మా ఇల్లు గీశా!" అంటూ నా పక్క నుంచి వెళ్ళిపోయింది. చాచిన చేతుల్తో ఏం చెయ్యాలో తెలియక జుట్టు సర్దుకున్నాను.

ఇద్దరూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆ బొమ్మ చూస్తున్నారు. ఇంటికి తలుపు గీసింది గాని తాళం గియ్యలేదు. పట్టారాణి ఏమీ అడగలేదు. పిల్లే తనంతట చెప్పింది, "తాళం నాన్న జేబులో ఉంది, అందుకే కనపడదు" అని.

తర్వాత, "నేను ఇంటికి ఎప్పుడెళ్తాను?" అని అడిగింది.

"నాకింకా తెలీదమ్మా" అంది పట్టారాణి.

"శనివారమా?"

"తెలీదు. తెలిసిన రోజున నేనే వచ్చి చెప్తాను."

పిల్ల మొహం వాడిపోయింది. ఈవిడ మాత్రం అలాగే చూస్తూ కూర్చుంది. రాతి గుండె. పసిదానికి ఒక్క మంచి మాట చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?

జూలై 17

"తెలీదు" అని చెప్పడం నేర్చుకోవడానికి రెండేళ్ళ పీజీ కావాలా?

జూలై 21, ఆదివారం

మా అమ్మాయికి పొట్టయిన బట్టలు కొన్ని ఉంటే హోమ్‌లో ఇచ్చి వద్దామని వెళ్ళాను. బట్టల కోసమే వెళ్ళాను. పిచ్చుక కనిపించింది కాబట్టి మాట్లాడాను.

నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. మొదట కాస్త బిగుసుకుంది, తర్వాత తల ఆనించింది. ఎన్నాళ్ళయిందో! "ఆంటీ, నీకైనా తెలుసా, నేనెప్పుడు వెళ్తానో?" అంది.

గురువారం కమిటీ ముందుకి దీని కేసు వస్తుంది. పిల్లలు ఇంటికి వెళ్ళాలా వద్దా తేల్చేది ఆ కమిటీయే. అంతా సవ్యంగానే ఉందని మేడమ్ ఫోన్‌లో అనడం నా చెవిన పడింది.

"నాకు తెలుసు. శుక్రవారం మీ నాన్న వచ్చి తీసుకెళ్తాడు. నేను చెప్తున్నాగా."

అది నా మొహం పట్టుకుని, "ఒట్టు?" అంది. ఒట్టు అన్నాను. "నీకే తెలుసు. కొత్త ఆంటీకి ఏమీ తెలీదు" అంది. బుగ్గ మీద ముద్దు పెట్టింది.

ఇంటికి వస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. రాత్రికి కూర కూడా బాగా కుదిరింది.

జూలై 25, గురువారం

వాయిదా వేశారు. బేకరీ యజమాని పగటి షిఫ్టు ఇస్తానని నోటితో అన్నాడు గాని రాతపూర్వకంగా ఇవ్వలేదు. అతని అక్క ఇంకా దిగలేదు. అవి తేలాక చూద్దామన్నారు. పట్టారాణి తొణకలేదు. "ఇలా జరగొచ్చని అతనికి ముందే చెప్పానక్కా" అంది.

పిచ్చుకకి చెప్పాలి. వార్డెన్‌కి ఫోన్ చేస్తే, పిల్లకి శుక్రవారమని ఎవరు చెప్పారని అడుగుతుంది. రేపు చేస్తాను.

జూలై 26, శుక్రవారం

తల నొప్పి. ఆఫీసుకి వెళ్ళలేదు.

జూలై 27, శనివారం

వార్డెన్ మామూలుగా వేరే పని మీద ఫోన్ చేసి, మాటల్లో చెప్పింది. నిన్న పిచ్చుక పొద్దున్నే తయారై, సంచీ సర్దుకుని, మెట్ల మీద కూర్చుందట. అన్నానికి పిలిస్తే రాలేదట. చీకటి పడ్డాక ఎత్తుకుని లోపలికి తెచ్చారట. ఎందుకమ్మా అంటే చెప్పలేదట. "ఈ పిల్లలకి ఎప్పుడు ఏ బుద్ధి పుడుతుందో!" అని నవ్వింది.

నేనూ నవ్వాను.

జూలై 29, సోమవారం

దొరికింది. ముందు అది రాస్తాను. దొరికింది, బాగానే ఉంది.

మధ్యాహ్నం హోమ్‌కి బియ్యం బండి వచ్చిందట. గేటు తెరిచి ఉండగా సంచీ పట్టుకుని బయటికి నడిచింది. వాళ్ళకి తెలిసేసరికి గంట దాటింది. మాకు ఫోను వచ్చినప్పుడు బయట కుండపోత వాన. పట్టారాణి గొడుగు కూడా తీసుకోకుండా పరిగెత్తింది. నేను వెనకాలే. తను ఒక వైపు, నేను ఒక వైపు. ప్రతి షాపు ముందూ ఆగి "గెంతుతూ నడిచే పిల్ల, నీలం సంచీ" అని అడిగాను. ఒకతను, ఏ రంగు గౌను అన్నాడు. నాకు తెలియదు. ముద్దు గుర్తుంది గాని గౌను గుర్తులేదు.

బేకరీకి వెళ్ళాను. దారి తెలిస్తే అక్కడికే వస్తుందనుకున్నాను. రాలేదు. అతను అప్పుడే నిద్ర లేచి వచ్చాడు, పొయ్యి ఒక్కటే వెలిగించాడు. నేను చెప్పాను. పొయ్యి దగ్గరికి వెళ్ళి మంట ఆర్పి, తువ్వాలు కూడా తీసుకోకుండా వానలోకి దిగాడు. ఆ మంట ఆర్పడం ఎందుకో నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

పిల్ల దారి తప్పి ఏదో బస్సెక్కింది. పెద్దవాళ్ళ వెనక నిలబడితే ఎవరో ఒకరి కూతురనుకున్నారు. ఆఖరి స్టాపులో అందరూ దిగాక డ్రైవరమ్మ చూసింది. "ఎక్కడికెళ్ళాలే?" అంటే "రొట్టెల వాసన వచ్చే చోటికి" అందట. ఆవిడ డిపోకి తీసుకెళ్ళి, తన కోటు కప్పి, పోలీసులకి ఫోన్ చేసింది.

పోలీసుల కబురంది మేం డిపోకి వెళ్ళేసరికి తండ్రి అప్పటికే ఉన్నాడు. బెంచీ మీద కూర్చుని పిల్ల కాళ్ళు తన రెండు చేతుల్లో పెట్టుకుని రుద్దుతున్నాడు. మళ్ళీ హోమ్‌కి పంపాలని చెప్పింది పట్టారాణే. అతను తలూపి తనే సంచీ భుజాన వేసుకుని జీపు దాకా వచ్చాడు. పిచ్చుక ఏడవలేదు. నా వైపు ఒక్కసారి చూసింది. ఏడిస్తే బాగుండేది.

జూలై 30, మంగళవారం

మేడమ్ అందర్నీ గదిలోకి పిలిచారు. కోపంతో పెన్ను బల్ల మీద పడేశారు.

"పిల్లకి శుక్రవారమని ఎవరు చెప్పారు? చెప్పకుండా అది సంచీ ఎందుకు సర్దుకుంటుంది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నిజంగానే మెడ దాకా వెళ్ళింది. దించుకున్నాను.

"నా కేసు మేడమ్. బాధ్యత నాది" అంది పట్టారాణి.

"నువ్వు ప్రొబేషన్‌లో ఉన్నావని గుర్తుందా?"

"ఉంది."

"వివరణ రాసివ్వు. శుక్రవారం లోపల."

నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. లేచి బయటికొచ్చాక ప్యూను నా చెవిలో, "పెద్ద చదువులన్నారు, చూశారా అమ్మా? మీరున్నన్నాళ్ళూ ఇలాంటిది జరిగిందా?" అన్నాడు. ఇలాంటి మాట కోసమే ఇన్నాళ్ళూ చెవులు కోసుకున్నాను. ఇవాళ విన్నాను. నోట్లో చేదు.

జూలై 31

మా అమ్మాయి పైనుంచి దిగి వచ్చి, "పిన్ని అన్నం తినలేదు. బాబాయి బతిమాలుతున్నా తినడం లేదు. ఏమైందమ్మా?" అంది.

తెలీదు అన్నాను.

ఆగస్టు 1, గురువారం

చెప్పేశాను. మేడమ్ గది తలుపు తీసి, కూర్చోకుండానే చెప్పేశాను. ఆదివారం వెళ్ళాననీ, ఒట్టు పెట్టాననీ, ఫోన్ చెయ్యలేదనీ. ఎందుకు చెప్పావమ్మా అన్నారు. పిల్ల మీద జాలితో అని చెప్పబోయాను. నోరు తిరగలేదు. "ఆ పిల్లకి నేను ముద్దు కావాలని" అన్నాను.

ఇక ఇళ్ళకీ హోమ్‌కీ వెళ్ళవద్దన్నారు. ఆఫీసులోనే కూర్చుని ఫైళ్ళు చూడాలి. "ఎన్నాళ్ళు మేడమ్?" అంటే, "చూద్దాం" అన్నారు.

ఆగస్టు 2, శుక్రవారం

మెట్ల మీద పట్టారాణికి దొరికిపోయాను. తప్పించుకుని పోదామని చూశాను గాని దారికి అడ్డంగా నిలబడింది. ఇంత చిన్న మనిషికి అంత కోపం ఎక్కడ పడుతుందో!

"మీరేనని నాకు సోమవారమే తెలుసు. జీపులో పాప చెప్పింది."

"మరి మేడమ్ దగ్గర ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారని చూశాను. చెప్పకపోతే ఇవాళ నేనే చెప్పేదాన్ని. నేనేం త్యాగమూర్తిని కాదక్కా. ఉద్యోగం పోగొట్టుకోవడానికి రాలేదు."

"కొట్టు నన్ను" అన్నాను.

"కొట్టాలనే ఉంది!" అంది. గొంతు పగిలింది. "మీకు తెలుసా, హోమ్‌కి నేనొక్కదాన్నే వెళ్తే ఆ పిల్లలంతా అడిగే మొదటి మాట ఏంటో? 'పెద్దాంటీ రాలేదా?' అని. ప్రతిసారీ అదే. అన్నేళ్ళు చదివి వస్తే నన్ను చూసి మొహాలు వేలాడేస్తారు. మీ మీద నాకెంత కుళ్ళుగా ఉండేదో! మీరు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పిల్లలు కరిగిపోతారు. నాకది రాదు."

నా మీద కుళ్ళా?

"అయినా మీరు చేసింది తప్పే. అంత దగ్గరైన మనిషి మాట తప్పితే దెబ్బ ఎక్కువ తగులుతుంది. నేను కూడా కాలేజీలో ఉండగా ఫీల్డ్ వర్క్‌లో ఒక పిల్లాడికి ఇలాగే మాటిచ్చాను. మా లెక్చరర్ అక్కడే ఉండి, ఆ పూటే నాతో దిద్దించారు. మీకు పక్కన ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ ఎవరూ లేరు. అదొక్కటే తేడా."

చెప్పి పైకి వెళ్ళిపోయింది. తలుపు మాత్రం గట్టిగానే వేసింది.

ఆగస్టు 9, శుక్రవారం

ఫైళ్ళు. దుమ్ము. తుమ్ములు.

ఆగస్టు 12, సోమవారం

పట్టారాణే మేడమ్‌ని అడిగి నన్ను హోమ్‌కి తీసుకెళ్ళింది. "క్షమించమని నాకు కాదు, పాపకి చెప్పాలి. నేను పక్కన ఉంటాను. మధ్యలో అందుకోను" అంది.

పిచ్చుక వచ్చి దూరంగా కూర్చుంది. గెంతలేదు.

"ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా. నాకు తెలియకుండానే తెలుసని చెప్పాను. నువ్వు రోజంతా కూర్చున్నావు. నా వల్లే."

అది నేల మీద గీతలు గీస్తోంది. "మరి ఇప్పుడు ఎప్పుడెళ్తాను?"

పట్టారాణి వైపు చూశాను. గోడలా కూర్చుంది. ఒక తేదీ, ఒక వారం, ఏదో ఒకటి చేతిలో పెట్టాలని ప్రాణం కొట్టుకుంది.

"నాకు తెలీదు."

"కొత్త ఆంటీకీ తెలీదంట. మరెవరికి తెలుసు?"

"కమిటీకి."

"కమిటీ ఎక్కడుంటాడు?"

నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది. ఆపుకున్నాను. పిచ్చుక లేచి వెళ్ళిపోయింది. ముద్దూ లేదు, మాటా లేదు.

బస్సులో పట్టారాణి, "బాగా చెప్పారక్కా" అంది. ఈసారి అది భుజం తట్టినట్టు లేదు. ఒకే బరువు మోసినవాళ్ళు మాట్లాడుకున్నట్టుంది.

ఆగస్టు 18, ఆదివారం

పైకి వెళ్ళి నేనే అడిగాను. ఉద్యోగం చేస్తూ సోషల్ వర్క్ డిగ్రీ చదవచ్చట. పాఠాలు ఇంటి దగ్గర, ఫీల్డ్ వర్క్ మాత్రం సెలవు రోజుల్లో. బీకాం ఉంది కాబట్టి నేరుగా పీజీలోనే చేరవచ్చట! బీకాంకి కూడా ఒక రోజు వచ్చింది.

"ఫీల్డ్ వర్క్‌కి ఎవరి కింద చెయ్యాలి?" అన్నాను.

"అర్హత ఉన్న కేస్ వర్కర్ కింద."

"మన ఊళ్ళో ఎవరున్నారు?"

తను తల గోక్కుంది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మా మరిది మాత్రం పకపకా నవ్వాడు.

"ఇంట్లో నువ్వు నాకు చిన్నదానివే. వంటింట్లో నా మాటే చెల్లుతుంది" అన్నాను.

"సరే. కానీ ఫీల్డ్‌లో ఆలస్యంగా వస్తే మాత్రం తిడతానక్కా" అంది.

తిట్టేలాగే ఉంది. మళ్ళీ కడుపులో చిన్న మంట లేచింది. ఉండనీ.

ఆయనతో చెప్తే పేపరు దించి, "ఇంతకీ ఆ నల్ల టోపీ మనింట్లో ఏ గోడకి?" అన్నారు. ఈ మనిషిని మార్చడం ఆ పీజీ వల్ల కూడా కాదు.

ఆగస్టు 29, గురువారం

కమిటీ ఒప్పుకుంది. మొన్నటి వాయిదాలోనే తేలిపోవలసింది. పిల్ల పారిపోయింది కాబట్టి మళ్ళీ విచారణ అనీ, ఇంకో నివేదిక అనీ ఇన్నాళ్ళు లాగారు. ఈ ఆలస్యంలో పెద్ద వాటా నాది. మేడమ్ ఆ మాట అనలేదు. అనకపోయినా ఉంది.

బేకరీ అతనికి పగటి షిఫ్టు వచ్చింది. అతని అక్క వచ్చి రెండో మంచం వేసింది. పట్టారాణి ఉత్తర్వు చేతికి వచ్చాకే, రెండుసార్లు చదివాకే, హోమ్‌కి బయల్దేరింది. చెప్తానన్న మాట చెప్పడానికి. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆ మాట నేను చెప్పి ఉంటే! ఆ మొహం నేను చూసి ఉంటే!

ఆగస్టు 31, శనివారం

ఇవాళ పిచ్చుక ఇంటికి వెళ్ళింది. నాకు ఇంకా వెళ్ళడానికి అనుమతి లేదు. ఇంట్లో పొద్దున్నుంచి గిన్నెలన్నీ తోమాను, తోమినవి మళ్ళీ తోమాను.

పట్టారాణి మధ్యాహ్నం వచ్చింది. పైకి వెళ్ళకుండా తిన్నగా నా వంటింట్లోకే వచ్చి పీట మీద కూలబడింది. నీళ్ళిచ్చాను.

"ఎలా జరిగింది?"

"గుమ్మంలో కాసేపు నిలబడిపోయింది. తాళం ఎక్కడుందని అడిగింది. అతను జేబులోంచి తీసి దాని చేతిలోనే పెట్టాడు. అప్పుడు లోపలికెళ్ళింది. తర్వాత మంచం మీద గెంతులే గెంతులు. వాళ్ళత్త రొట్టె ముక్క పెడితే తింటూనే గెంతింది."

"తిందా?"

"తింది."

ఇక అడగకూడదని అనుకున్నాను. అనుకుంటూనే అడిగాను.

"నన్ను అడిగిందా?"

తను గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. ఒక్క చిన్న అబద్ధం. నేను తన జాగాలో ఉంటే చెప్పేసేదాన్ని. 'పెద్దాంటీ ఏదీ అని అడిగిందక్కా' అని చెప్తే ఎవరికి నష్టం? ఈ వారమంతా ఆ మాట నంజుకుని బతికేసేదాన్ని.

"అడగలేదక్కా" అంది.

గుండెలో చివుక్కుమంది. ఇంకా చివుక్కుమంటూనే ఉంది. కానీ ఇందాకటి నుంచి ఒకటి గమనిస్తున్నాను. మంచం మీద గెంతింది అన్నప్పుడూ, రొట్టె తింది అన్నప్పుడూ, నిజంగా గెంతిందా, నిజంగా తిందా అన్న అనుమానం నాకు ఒక్కసారి కూడా రాలేదు.

తనకి అన్నం పెట్టాను. నేనూ పెట్టుకున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోకుండా తిన్నాం.